మూడో పడవ

రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దంటారు. మా మనవడికి మూడున్నాయి. పగలు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి పదయ్యాక సొంత యాప్, శని ఆదివారాలు మట్టి పిసకడం. సెరామిక్స్ అనాలిట, కుండలంటే మొహం మాడ్చుకుంటాడు. ‘వీల్ క్లాసుకి వెళ్తున్నా తాతయ్యా’ అంటే కారు నేర్చుకుంటున్నాడనుకున్నాను. కుమ్మరి సారె అని ఏడవొచ్చు కదా!

మా రోజుల్లో మనిషికి ఒకటే పని. నేనూ ప్రోగ్రాములే రాశాను నాయనా, నవ్వకు. కోబాల్‌లో. 80 అక్షరాలు పట్టే అట్టకార్డుల మీద చిల్లులు పొడిపించి, కట్ట కట్టి కంప్యూటర్ గది కిటికీలో ఇచ్చి ఇంటికి పోతే మర్నాటికి కాగితం వచ్చేది. ఒక్క ఫుల్‌స్టాప్ మరిచామా, తప్పుల జాబితా బారెడు. ఓసారి మెట్ల మీద కట్ట జారిపోయింది. అంచున ఏటవాలుగా పెన్సిల్ గీత గీసి ఉంచబట్టి బతికాను. గీత కలిసేదాకా పేకముక్కల్లా పేర్చుకుంటూ కూర్చున్నాను. మీకేం, కంట్రోల్ జెడ్ నొక్కుతారు.

ఆ కాగితం వచ్చేదాకా సాయంత్రాలన్నీ మావే. (ఆ సాయంత్రాల్లో నేను దుర్యోధనుడి వేషాలు కట్టానని, రిహార్సల్‌కని ఆఫీసు ఎగ్గొట్టానని వాడికి వాళ్ల నాయనమ్మ చెప్పేసింది. అది వేరు. కళ.)

ఇంతకీ ఆ యాప్ ఏమిటయ్యా అంటే, ఏ గిన్నె ఆరింది, ఏది వెయ్యి డిగ్రీల మొదటి కాల్పుకి వెళ్లింది, దేనికి ఏ గ్లేజ్ పూశాడు, అన్నీ రాసిపెట్టేదిట. మా ఊరి కుమ్మరి కుండని చెంపకి ఆనించుకునేవాడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టు. చెంపకి చార్జింగ్ అక్కర్లేదు. ఆయన చెరువు మట్టి తెచ్చి, ఇసక కలిపి, కాళ్లతో తొక్కేవాడు. వీడికి మట్టి ప్యాకెట్లో వస్తుంది, డెలివరీ కుర్రాడు గుమ్మంలో పెట్టి పోతాడు. మట్టికి బిల్లు!

మొన్న నాకని కాఫీ కప్పు చేశాడు. ఆరి, కాలి వచ్చేసరికి పదోవంతు కుంచించుకుపోయింది. ఆఫీసులో పని అనుకున్నదానికంటే పెరుగుతుందిట, ఇక్కడ వస్తువు అనుకున్నదానికంటే తగ్గుతుందిట. ఆ కప్పులో నాలుగు గుక్కలే పడతాయి. డాక్టరు తాగమన్నదీ అంతే అనుకో.

కిందటి నెల సోమవారం మీటింగుందని ఆవం చల్లారకముందే తలుపు తీశాడు. మూడు గిన్నెలు టప్పుమన్నాయి. కుమ్మరికి ఏడాది, గుదియకి ఒక పెట్టు అని ఊరికే అన్నారా? ఆగడం నేర్చుకోరా అన్నాను, కిటికీ దగ్గర ఏళ్ల తరబడి ఆగినవాణ్ణి కదా. అదే మాట పట్టుకుని, ఆవం చల్లారే అలారం నా ఫోనుకి తగిలించి నన్ను టెస్టర్ని చేశాడు. జీతం లేదు. ఇప్పటికి పదకొండు తప్పులు పట్టాను.

నిన్న తెల్లవారుజామున అది మోగింది, ఇంకా మూడు గంటలు ఆగాలని. వెంటనే స్టూడియోకి ఫోన్ చేసి తలుపు ముట్టుకుంటే ఊరుకోనని దుర్యోధనుడి గొంతుతో కేకలేశాను. ఎత్తింది వాడు కాదు. ఎవరో గాని, పాపం, సరేనండీ అన్నాడు.