బోల్టులు పడ్డాయి, ఇక బండెక్కండి

పాత అమెరికన్ బళ్ల సామాన్లు అమ్మేవాళ్లలో ఒక జాతి ఉంది. మీ దగ్గరున్నది ఏ ఇంజనో అడక్కముందే, వాళ్ల దగ్గరున్న గేర్‌బాక్స్ దానికి సరిపోతుంది. "నేరుగా కూర్చుంటుంది సార్!" అంటారు. అబద్ధం కాదు, కూర్చుంటుంది. మీ షెడ్డులో, గచ్చు మీద, ఏళ్ల తరబడి.

ఈ ధీమా అంతా షెవ్రోలే చలవ. 1955లో వచ్చిన చిన్న వీ-8 ఇంజన్ వెనక, దాన్ని గేర్‌బాక్స్‌తో కలిపే బెల్ హౌసింగ్ కోసం బోల్టు రంధ్రాలు ఏ వరసలో పెట్టారో, దశాబ్దాలపాటు అదే వరస సాగింది. తర్వాతి పెద్ద వీ-8లకూ అదే. దాంతో "షెవీ అంటే షెవీయే" అన్నది వేదవాక్కయింది. 1954 పికప్‌లోని ఆరు సిలిండర్ల 235 ఇంజన్ కూడా షెవీయే, కానీ పాపం దానికి ఈ వేదం ఎవరూ వినిపించలేదు. దాని రంధ్రాల వరస వేరు. అడాప్టర్ వేసి ఆ గండం గట్టెక్కారనుకోండి. ఆ అరటన్ను బండిలో జాయింట్ షాఫ్ట్ మూసిన గొట్టంలో తిరుగుతుంది, ఆ గొట్టం పోయి వెనక యాక్సిల్‌కు బిగిసి ఉంటుంది. ఇప్పటి గేర్‌బాక్స్ పెట్టాలంటే యాక్సిల్ కూడా మార్చాలి. అయిదో గేరు మీద మోజుపడిన పెద్దమనిషి చివరికి బండి వెనక భాగం కొనుక్కుని ఇంటికొస్తాడు.

పోనీ, కంపెనీ ఒకటైతే చాలదా? జనరల్ మోటార్స్‌ది ఒకే చూరు కింద వేర్వేరు పొయ్యిల కాపురం. బ్యూక్, ఓల్డ్స్‌మొబీల్, పాంటియాక్ ఒక వరస, షెవీ ఇంకో వరస. 1977లో ఓల్డ్స్‌మొబీల్ కార్లలో షెవీ ఇంజన్లు పెట్టి అమ్మితే కొన్నవాళ్లు కోర్టుకెక్కారు. ఫోర్డ్ ఇంకా ఘనం. 289 ఇంజన్ పేరు మారలేదు, కానీ మొదట్లో వెనక అయిదు బోల్టులు, 1965 మోడళ్ల నుంచి ఆరు.

సరే, రంధ్రాలు కలిశాయి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. గేర్‌బాక్స్ ముందు మూతి, బెల్ హౌసింగ్ మధ్య రంధ్రంలో బిగువుగా దిగాలి. గేర్‌బాక్స్‌ను క్రాంక్‌కు సూటిగా నిలబెట్టేది అదే, బోల్టులు కావు. షెవీ కార్ల హౌసింగుల్లో ఆ రంధ్రం 4.686 అంగుళాలు. పికప్ హౌసింగుల్లో చాలావాటికి 5.125. కారు గేర్‌బాక్స్ తెచ్చి పికప్ హౌసింగ్‌కు బిగించండి. నాలుగు బోల్టులూ హాయిగా పడతాయి, మూతి మాత్రం గాలిలో ఉంటుంది. అమ్మినవాడు చప్పట్లు కొడతాడు, కొద్దిరోజులకు బేరింగ్ ఏడుపు అందుకుంటుంది. "ఆయిల్ మార్చి చూడండి సార్" అన్న సలహా ఉచితం.

క్లచ్ ప్లేటు సంగతి? అది గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్ల మీద కూర్చోవాలి. జనరల్ మోటార్స్ వాళ్ల మన్సీ నాలుగు గేర్ల బాక్సుల్లోనే షాఫ్ట్‌కు 10 పళ్లున్నవీ 26 పళ్లున్నవీ ఉన్నాయి. ఫ్లైవీల్‌కు 153 పళ్లా, 168 పళ్లా? దాన్నిబట్టి సెల్ఫ్ మోటార్ మారుతుంది. 1986 నుంచి చిన్న వీ-8 క్రాంక్ వెనక బోల్టుల వలయమే చిన్నదైంది, కాబట్టి పాత ఫ్లైవీల్ ఎక్కదు.

ఇవన్నీ దాటాక డయల్ గేజ్ పెట్టి, క్రాంక్‌తో పాటు తిప్పి చూడాలి. హౌసింగ్ రంధ్రం కేంద్రం తప్పిందేమో అది చెబుతుంది. రీడింగ్ 0.005 అంగుళం దాటకూడదు. దాటితే సర్దడానికి కేంద్రం తప్పించి చేసిన డోవెల్ పిన్నులు 0.007, 0.014, 0.021 అంగుళాల కొలతల్లో దొరుకుతాయి. నేరుగా కూర్చునే సరుకుకు ఈ సర్దుబాటు పిన్నులు మూడు సైజుల్లో ఎందుకు తయారవుతున్నాయో ఆ వ్యాపారినే అడిగి చూడండి.

పెద్ద లారీల ఇంజన్లవాళ్లకు ఈ కవిత్వం అబ్బలేదు. ప్రమాణాలు ఖరారు చేసే ఇంజనీర్ల సంఘం ఎస్ఏఈ వాళ్లు హౌసింగులకు నంబర్లు కేటాయించారు. మూడో నంబరంటే లోపలి వ్యాసం 16.125 అంగుళాలు, 12 బోల్టులు, చేసినవాడు ఎవడైనా సరే. రెండో నంబరా, మూడో నంబరా అని అడుగుతారు, చెబుతారు, బిగిస్తారు. మన పాత పికప్‌ల వ్యాపారిని నంబరు అడగండి. ఫోన్ నంబరు ఇస్తాడు.