రాక్షసిని దాచిపెట్టడం ఎలా?

భీకరమైన రాక్షసి మీద సినిమా తీశారా? శుభం. ఇక దాన్ని ఎవరికీ చూపించకండి. గ్రాఫిక్స్‌కి ఎంత పోశారో చెప్పుకోవాలని నాలుక దురద పెడుతుంది, ఓర్చుకోండి. మీ దగ్గరున్నది ఒక్క రాక్షసే. జనం బుర్రల్లో ఊరికో రకం ఉంటుంది, పైగా వాటికి మీరు పైసా ఖర్చు పెట్టక్కర్లేదు.

ఈ విద్యకు గురువు హాలీవుడ్ నిర్మాత జె.జె. అబ్రామ్స్. చిన్నప్పుడు 50 డాలర్ల సరుకున్న పెట్టె అంటూ ఇంద్రజాల సామాన్ల కొట్టువాడు 15 డాలర్లకే అమ్మితే కొనుక్కుని, పెద్దయ్యాక కూడా విప్పకుండా అలాగే ఉంచుకున్న మనిషి. 2007 జూలైలో అమెరికాలో 'ట్రాన్స్‌ఫార్మర్స్' చూడబోయినవాళ్లకు ఆయన టీజర్ ఒకటి పడింది. న్యూయార్క్‌లో ఎవరికో వీడ్కోలు పార్టీ. ఊగిపోయే చేతి కెమెరా. దూరంగా పేలుడు. స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ తల తెగి వచ్చి నడివీధిలో పడింది. ఆపైన నిర్మాత పేరు, 1-18-08 అనే విడుదల తేదీ. సినిమా పేరు మాత్రం లేదు.

బద్ధకం అనుకునేరు, పెట్టుబడంతా అక్కడే ఉంది. బిడ్డకు నెలలు గడిచినా పేరు పెట్టకపోతే ఇరుగుపొరుగు తలా ఒకటి పెట్టి పిలుస్తారు చూడండి, ఇక్కడా అదే జరిగింది. గాడ్జిల్లా అన్నారు కొందరు. టీజర్‌లో ఎవడో 'ఇట్స్ అలైవ్' అని అరిస్తే, కొందరికి 'ఇట్స్ ఎ లయన్' అని వినబడింది. ఇంకేం, సింహాల రోబో వోల్ట్రాన్ సినిమా అని తేల్చేశారు. ఖండించకండి. ఒప్పుకోనూ వద్దు. తప్పుగా విన్నవాడే మీకు జీతం లేని ప్రచారకర్త.

నటుల్నీ నమ్మకండి. ఆడిషన్‌కి వచ్చినవాళ్లకు అసలు స్క్రిప్టు ఇవ్వకుండా 'లాస్ట్', 'ఏలియస్' సీరియళ్ల సీన్లు చదివించారు. పని జరుగుతున్నప్పుడు సినిమాను 'చీజ్' అని కూడా పిలిచారు. చివరికి ఖాయమైన 'క్లోవర్‌ఫీల్డ్' శాంటా మోనికాలో ఒక రోడ్డు పేరు. దానికీ రాక్షసికీ బీరకాయ పీచు సంబంధం కూడా లేదు. మరీ ఖాళీగా ఉంటే జనానికి ఏదో ఒక పని కల్పించండి. వీళ్లు స్లషో అనే లేని కూల్‌డ్రింకుకు వెబ్‌సైటు పెట్టారు, పాత్రలకు మైస్పేస్‌లో ఖాతాలు తెరిచారు. చదువుకున్న మనుషులు రాత్రిళ్లు మేలుకుని ఆ కూల్‌డ్రింకు మీద పరిశోధనలు చేశారు. (నవ్వకండి. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని 2015 నుంచి 2017 దాకా బుర్ర బద్దలు కొట్టుకున్నవాళ్లం మనం.)

దాచడం చేతకాకపోయినా దిగులొద్దు. 'జాస్' షూటింగులో యంత్రపు సొరచేప సముద్రంలో మాటిమాటికీ మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాన్ని చూపించడం తగ్గించి రెక్కతో, సంగీతంతో నడిపించాడు. మీ యంత్రం చెడినా సిగ్గుపడకండి, అది కళ అనండి.

ఒక్క చిక్కుంది. ఏదో ఒక రోజు రాక్షసిని బయటికి వదలక తప్పదు. ఊహించుకున్నంత ఎత్తు ఏదీ ఉండదు. 'క్లోవర్‌ఫీల్డ్' మొదటి వారాంతంలో అమెరికా, కెనడాల్లో 4 కోట్ల డాలర్లు తెచ్చి, రెండో వారాంతానికి అందులో మూడో వంతుకు పడిపోయింది. మీరేం కంగారుపడకండి. ఖర్చు రెండున్నర కోట్లు, ప్రపంచమంతా కలిపి రాబడి 17 కోట్లు.

కానీ నెలల తరబడి ఊరించే ఓపిక ఉంటేనే ఇదంతా. 2018 ఫిబ్రవరి 4న వీళ్లే అతి తెలివికి పోయారు. సూపర్ బౌల్ మ్యాచ్ మధ్యలో 'క్లోవర్‌ఫీల్డ్ పారడాక్స్' ప్రకటన వేసి, మ్యాచ్ అవగానే సినిమాను నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టేశారు. ఊహించుకునే తీరిక ఎవరికీ దొరకలేదు. తెల్లారేసరికి చూసేశారు, తిట్టేశారు.