ఆరువేల కెల్విన్ల అల్లుడు

మా ఇంట్లో జమాఖర్చుల పుస్తకం మా ఆవిడ చేతిలో ఉంటుంది. అందులో కారు ఖర్చు ఎప్పుడూ సొంత పేరుతో కనపడదు. ఇంజినాయిల్ 'నూనెలు' కింద చేరుతుంది, సీటు కవర్లు 'బట్టలు' కింద చేరతాయి. హెడ్‌లైట్ల విషయంలో నేను అంత శ్రమ కూడా పడలేదు. "బల్బులు తేవాలి, డబ్బులివ్వు" అన్నానంతే. వంటింట్లో ట్యూబ్‌లైటు సంక్రాంతి నుంచీ కొట్టుకుంటూ ఉంది కాబట్టి ఆవిడ ఇంకో మాట అడక్కుండా తీసిచ్చింది. నేను ఆ డబ్బు జేబులో వేసుకుని తిన్నగా ఆటోనగర్ వెళ్లాను.

నా వైపు న్యాయం కూడా వినండి. మా కారు పేరు చెప్పను, ఇంటి పిల్లని వీధిలో పెట్టడం నాకిష్టం లేదు. వయసు మీద పడి దాని హెడ్‌లైట్లు కామెర్లొచ్చిన కళ్లలా తయారయ్యాయి. మనం అద్దాలంటాం గానీ అవి గాజు కావు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. దాని మీద ఎండకి ఆగే పల్చటి పూత ఒకటి ఉంటుంది. ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ పూత పోతుంది, కింద ప్లాస్టిక్ మసకబారుతుంది. బెజవాడ ఎండలో మనుషులు నల్లబడతారు, హెడ్‌లైట్లు పచ్చబడతాయి.

టూత్‌పేస్టుతో తోమితే తెల్లబడతాయని అంతకుముందే ఎవరో చెప్పారు. అది అబద్ధమేం కాదు. పేస్టులో ఉండే సన్నటి పొడి పైపొరని అరగదీస్తుంది. ఓ ఆదివారం పొద్దున్నే లేచి ట్యూబు మొత్తం కారుకి తోమేశాను. ఇంట్లోవాళ్లు ఆ రోజు ఉప్పుతో పళ్లు తోముకున్నారు. దీపాలు తళతళలాడాయి. కానీ పోయిన పూత పేస్టుతో తిరిగి రాదు కదా, వేసవి దాటకుండానే వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది. నీళ్లు పోస్తూ వాటర్ పేపర్‌తో నిదానంగా రుద్ది, పైన మళ్లీ యూవీ పూత వెయ్యడం సరైన పద్ధతి. దానికి ఓపిక కావాలి. నాకున్నది ఉత్సాహం.

ఆటోనగర్ షాపతను కారు చుట్టూ ఓసారి తిరిగి, "గురువుగారూ, మీకిప్పుడు నడుస్తున్నది 60/55. 100/90 వేసుకోండి, రాత్రి పగలైపోద్ది" అన్నాడు. మా కారుది హెచ్4 బల్బు. దాన్లో రెండు ఫిలమెంట్లుంటాయి. హైబీమ్‌కి 60 వాట్లు, డిమ్‌కి 55. అతను ఇస్తానంటున్నది దానికి ఒకటిన్నర రెట్లకి పైనే. "దీనికి రిలే, వైరింగ్ కిట్ కూడా వేయించుకోవాలి, అది విడిగా" అని కూడా చెప్పాడు పాపం. ఇక్కడ నా గురించి ఓ మాట. నేను పాతికేళ్లుగా విద్యుత్ శాఖలో ఉద్యోగం వెలగబెడుతున్నాను. "కరెంటు సంగతి మాకే చెప్తావా? కిట్టూ వద్దు, గిట్టూ వద్దు" అన్నాను. నాది అకౌంట్స్ సెక్షనని మాత్రం చెప్పలేదు.

12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు. 100 వాట్లంటే 8 దాటుతుంది. కంపెనీవాళ్లు ఆ సన్నటి తీగలనీ, స్విచ్చినీ, ప్లాస్టిక్ హోల్డరునీ పాత బల్బు లెక్కకే వేస్తారు. రిలే పెడితే స్విచ్చి మీద బరువు పడదు, కరెంటు బ్యాటరీ నుంచి లావుపాటి తీగలో నేరుగా బల్బుకి పోతుంది. ఈ లెక్క మా ఆఫీసులో అటెండరుకి కూడా తెలుసు. నాకు కంకిపాడు పెళ్లికి వెళ్తుండగా తెలిసింది.

"ఎవరింట్లోనో తాలింపు మాడుతోందండీ" అంది మా ఆవిడ.

"పెళ్లివారి వంటేమో" అన్నాను.

"కంకిపాడు ఇంకా చాలా దూరం ఉందిగా!"

కాసేపటికి కుడిపక్క లైటు ఆరిపోయింది. బానెట్ ఎత్తి చూస్తే హోల్డరు కరిగి బల్బు కాళ్లకి అతుక్కుపోయి ఉంది. పాత కారు కదా అని నిట్టూర్చాను, ఆవిడా నిట్టూర్చింది. ఎడమవైపు ఒంటి దీపంతో వెళ్తుంటే ఎదురొచ్చేవాళ్లు మమ్మల్ని మోటారుసైకిలు అనుకుని, లేని కారు మీదికి నిర్భయంగా దూసుకొచ్చారు. మేం పెళ్లికి చేరేసరికి తాంబూలాలే మిగిలాయి.

మర్నాడు మళ్లీ బల్బులకి డబ్బులడిగాను.

"మొన్న తెచ్చినవేవి?"

"కాలిపోయాయి."

మా కాపురంలో నేను చెప్పిన నిఖార్సైన నిజాల్లో అదొకటి. బిగించకుండానే ఎలా కాలిపోయాయని ఆవిడ అడగబోయి ఆగింది. విద్యుత్ శాఖ ఉద్యోగిని కట్టుకున్న మనిషి, నమ్మక తప్పదు. వంటింటి ట్యూబ్‌లైటు పైనుంచి మా మాటలు వింటూ కొట్టుకుంటూనే ఉంది.

ఈసారి షాపతను నాకు కుర్చీ వేశాడు. "బల్బొక్కటి మారిస్తే లాభం లేదు గురువుగారూ, డూమ్ మొత్తం మార్చేయాలి" అన్నాడు. ఆటోనగర్లో హెడ్‌లైటు మొత్తాన్నీ కలిపి డూమ్ అంటారు.

"ఒరిజినలేనా?"

"ఒరిజినల్ కన్నా బాగుంటది."

"చైనా సరుకా?"

"అయ్యో, తైవానండీ!"

తైవాన్ అనగానే ఎందుకో నాకు గౌరవం కలిగింది. ఆ డూముల్లోకి ఎల్‌ఈడీ బల్బులు కూడా తీసి చూపించాడు. పెట్టె మీద 6000 కెల్విన్ అని రాసి ఉంది. "మీ పాతది మూడువేలు, ఇది ఆరువేలు" అన్నాడు. ఆరుని మూడుతో భాగిస్తే రెండు. అకౌంట్స్ బుర్ర కదా, లెక్క తేలగానే డబ్బులు తీసిచ్చేశాను.

కెల్విన్లు చెప్పేది రంగు, వెలుతురు కాదు. కొవ్వొత్తి 2000 దగ్గర ఎర్రటి పసుపు, హాలోజన్ 3200 దగ్గర లేత పసుపు, నడి మధ్యాహ్నపు ఎండ 5500 చుట్టుపక్కల తెలుపు. ఆరువేలు దాటిన కొద్దీ నీలం వైపు పోతుంది. ఎంత వెలుగన్నది ల్యూమెన్లలో చెప్పాలి. మామూలు హెచ్4 బల్బు డిమ్‌లో సుమారు 1000, హైబీమ్‌లో 1650 దాకా ఇస్తుంది. నా పెట్టె మీద 20000 అని వేసుంది. పెట్టె మీద అంకెలు వెయ్యడానికి కరెంటు ఖర్చవదు.

బిగించిన సాయంత్రం డూములకి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేశాను. ఎదురింటి రెండో అంతస్తులో ఆరేసిన చీర అంచు మీద నెమళ్లు లెక్కపెట్టుకోవచ్చు! డిమ్ వేస్తే వెలుగు రెండో అంతస్తుకి ఎందుకు వెళ్తోందన్న అనుమానం అక్కడే రావాలి. నాకు సంతోషం వచ్చింది. ఎదురింటి మేష్టారు బాల్కనీలోకి వచ్చి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఎవరండీ అది?" అని అడిగారు. "నేనేనండీ!" అన్నాను గర్వంగా.

చిన్న లోటు ఒకటి తేలింది. లైట్లు వేస్తే కారులో ఎఫ్ఎం గరగరమనేది. చవకరకం ఎల్‌ఈడీల్లో కరెంటుని సర్దే సర్క్యూటు ఒకటి ఉంటుంది, అది రేడియోని చెడగొడుతుంది. లైట్లు ఆర్పితే ఘంటసాల, వేస్తే గరగర. రాత్రిపూట పాటా దారీ రెండూ కావాలనడం అత్యాశ అని మా ఆవిడకి నచ్చజెప్పాను.

మళ్లీ సంక్రాంతి దగ్గరపడుతుండగా అత్తగారిని తీసుకురావడానికి గుడివాడ వెళ్లాం. వెళ్లడం పగలే వెళ్లాం గానీ, బయల్దేరేసరికి బాగా చీకటిపడింది. డిక్కీలో కొత్త బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ. వెనక సీట్లో పిల్లలు, వాళ్ల మధ్య అత్తగారు. కారు వెనక్కి కుంగి, ముక్కు పైకెత్తింది.

పామర్రులో బందరు రోడ్డెక్కామో లేదో ఎదురొచ్చే లారీలన్నీ నాకు లైట్లు కొట్టడం మొదలుపెట్టాయి. కొత్త డూములు చూసి ముచ్చటపడుతున్నారనుకుని నేనూ తిరిగి కొట్టాను. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు. ఉయ్యూరులో ఓ బస్సు డ్రైవరు పక్కన ఆపి, తల బయటపెట్టి, "ఏం సార్, క్రికెట్ స్టేడియం ఎక్కడికి తీసుకెళ్తున్నారు?" అని అడిగాడు.

"అల్లుడుగారూ" అన్నారు వెనకనుంచి అత్తగారు మెల్లగా. "తాటిచెట్ల మీద గబ్బిలాలు కూడా కనపడుతున్నాయి. మరి మీకు రోడ్డు కనపడుతోందా?"

కనపడటం లేదు. పక్కనే బందరు కాలువ ఉందని తెలుసు గానీ ఎంత పక్కనో తెలియదు. ఆ సమయంలోనే, వెనక ఒక్క ఎర్ర దీపమైనా లేని చెరుకు ట్రాక్టరు ఒకటి చీకట్లోంచి ఊడిపడింది. ట్రాలీ దాటి బయటికి వేలాడుతున్న గడల చివర్లు ముందు అద్దానికి మూరెడు దూరంలో ఉండగా కారు ఆగింది. డిక్కీలో జాడీ పగిలింది. ఆవకాయ వాసన ఇప్పటికీ పోలేదు.

హాలోజన్ హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద ఓ చిన్న లోహపు దొప్ప ఉంటుంది. అది కిందికి పోయే వెలుగుని ఆపేస్తుంది. పైకి పోయిన వెలుగు రిఫ్లెక్టరు పైసగానికి తగిలి, కిందికి తిరిగి రోడ్డు మీద పడుతుంది. ఫిలమెంటు ఉండాల్సిన చోటికి ఎల్‌ఈడీ ముక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా లెక్క చెదిరి వెలుగు ఊరంతా తిరుగుతుంది. దానికి బియ్యం బస్తాలూ, అత్తగారూ తోడైతే తిన్నగా తాటిచెట్టెక్కుతుంది.

పండక్కి మా బావమరిది వచ్చాడు. ప్లీడరు. సంగతంతా విని సున్నుండ కొరుకుతూ సెక్షన్లు చదివాడు. "బావా, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో కూడా అదే చెప్పింది. 1989 నియమాల్లో రూల్ 106 చూడు. 8 మీటర్ల దూరంలో, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి మిరుమిట్లు గొలపకుండా దీపం కిందికి వంగి ఉండాలి" అన్నాడు.

"ఇన్ని రూళ్లెందుకురా?" అన్నారు అత్తగారు. "మీ నాన్నగారు అంబాసిడర్ కొన్న రోజునే దీపాల పైసగానికి నల్లరంగు పూయించారు. ఎదురొచ్చేవాడు కూడా ఇంటికి చేరాలిగా అనేవారు."

చిన్నప్పుడు అలాంటి నల్లరంగు చూసి బండికి దిష్టిచుక్క అనుకునేవాణ్ని.

ఇంతలో మా ఆవిడకి లెక్క తేలింది. "అయితే మీరు తెచ్చిన బల్బులు ఇవా?" అంటూ జమాఖర్చుల పుస్తకం తెచ్చింది. 'బల్బులు' అని ఉన్నచోటల్లా కొట్టేసి, 'ఆయనగారు' అని కొత్త పద్దు తెరిచింది. ఆ పద్దులో ఇప్పుడు నూనెలూ బట్టలూ కూడా వచ్చి చేరుతున్నాయి. ఆ సాయంత్రమే ఎలక్ట్రీషియన్ని పిలిపించి వంటింటి ట్యూబ్‌లైటు మార్పించింది. కాఫీ చల్లారేలోపు పని అయిపోయింది. నేను నిచ్చెన పట్టుకున్నాను.

కారుని మాత్రం మా వీధి చివర ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. కొత్త డూములు ఉండనిచ్చి, వాటిలో మామూలు 60/55 బల్బులు వేశాడు. గోడకి ఎదురుగా కారు నిలబెట్టి, డూము వెనక మర తిప్పుతూ వెలుగు అంచుని కిందికి దించాడు. ఆ అంచు ఎడమపక్క కాస్త పైకి లేచి ఉంటుంది. ఎడమవైపు నడిచే మన దేశంలో రోడ్డు వార, మైలురాయి కనపడాలని అలా చేస్తారు. కుడివైపు నడిచే దేశాలకి చేసిన డూము కొంటే ఆ లేచిన భాగం తిన్నగా ఎదురొచ్చేవాడి కంట్లో పడుతుంది. నా డూములు మన రోడ్లకి సరిపోవడం నా తెలివి కాదు, తైవాన్ దయ.

తర్వాత స్టీరింగు కుడిపక్క కిందున్న చిన్న చక్రం చూపించి, "ఇదెప్పుడైనా తిప్పారా సార్?" అన్నాడు. అది హెడ్‌లైట్ల వెలుగుని కిందికి దించే చక్రమట. మీటర్లో లైటు తగ్గించేదని ఇన్నేళ్లుగా నేను అందరికీ చెబుతున్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ ముందు అద్దం లోపలివైపు తడిగుడ్డతో తుడిచి, పేపరుతో రుద్దింది. గుడ్డ బూడిదరంగుకి తిరిగింది. డ్యాష్‌బోర్డు మీద వెంకన్నకి రోజూ నేను వెలిగించే అగరొత్తుల పొగంతా అక్కడే పేరుకుంది. ఆ పొరకి తగిలితే రాత్రిపూట ప్రతి దీపమూ చెదిరిపోతుందట. ఆ రాత్రి బెంజ్ సర్కిల్ దాకా వెళ్లొచ్చాం. రోడ్డు శుభ్రంగా కనపడింది. అదంతా తైవాన్ డూముల మహిమేనని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోదు.

హెడ్‌లైట్లు మార్చాలనుకునే సోదరులకి నా మనవి. ముందు అద్దం లోపలివైపు తుడవండి. గోడకెదురుగా కారు ఆపి వెలుగు ఎక్కడ పడుతోందో చూడండి. మీ కారులో కూడా 0, 1, 2, 3 అంకెలున్న చక్రం ఉండే ఉంటుంది. మీరొక్కరే వెళ్లేటప్పుడు 0, వెనక సీటూ డిక్కీ నిండిన కొద్దీ పెద్ద అంకె. దానికి కానీ ఖర్చు లేదు, ఏ పద్దులోనూ రాయక్కర్లేదు. ఎదురుగా బండి వస్తుంటే డిమ్ చెయ్యండి. ఆ బండిలో నేనూ మా అత్తగారూ ఉండొచ్చు.