బాగుపడుతుందేమోనని భయం

తిరగాలన్న సరదా ఉన్నవాడెవడూ ఎనభై ఏళ్ళ నాటి మిలిటరీ జీపు కొనడు. వాడికి కొత్త కారుంది, అదీ లేకపోతే పల్లెవెలుగు బస్సుంది. మిలిటరీ జీపు కొనేవాడు దాని కిందికి దూరడానికే కొంటాడు. ఈ రహస్యాన్ని ఇంట్లో చాలాకాలం దాచాను. పైకి చెప్పింది వేరు. "ఆదివారం పూట హాయిగా గాలి పీల్చుకుంటూ అమరావతి వెళ్ళొద్దాం. పిల్లకి చరిత్ర తెలుస్తుంది. పైగా ఇలాంటి బండ్లకి ఏటేటా రేటు పెరగడమే గాని తగ్గడం ఉండదు." ఇందులో మొదటిది ఆశ, రెండోది సాకు, మూడోది నాకు అమ్మినాయన చెప్పిన మాట. మా ఆవిడ అంతా విని, "ఎక్కడ పెడతారు?" అని మాత్రం అడిగింది.

పెట్టింది పెరట్లో, బట్టలారేసే తీగ కింద. టేపు పెట్టి కొలిచి మరీ చూపించాను. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు అయిదు అడుగుల పైచిలుకు, ఎత్తు తీగకి అందదు. కాబట్టి ఆవిడకి పైసా నష్టం లేదని వాదించాను. ఆ మర్నాటి నుంచీ మా ఇంటి దుప్పట్లు రెండో ప్రపంచ యుద్ధం మీద ఆరుతున్నాయి.

అసలీ బండి పుట్టడమే హడావిడిగా పుట్టింది. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి బండి కావాలంది. నమూనా 49 రోజుల్లో తెచ్చివ్వాలని గడువు పెట్టింది. పెన్సిల్వేనియాలో బట్లర్ అనే ఊళ్ళో ఉన్న బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరుని పిలిపించుకుని గడువు దాటకుండా చేసి చూపించింది. చేసిందొకరు, తిన్నదొకరు అన్నట్టు పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ, ఫోర్డుకీ పోయాయి. యుద్ధం ముగిసేలోగా వాళ్ళిద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు దించారు. ఈ కథంతా అన్నాల దగ్గర ఉత్సాహంగా చెబుతూ 49 రోజుల మాట నోరు జారాను.

"ఏమీ లేనిచోట నలభైతొమ్మిది రోజుల్లో చేశారా? మరి నువ్వు ఉన్నదాన్ని బాగుచెయ్యడానికి ఇన్నేళ్ళేంటి నాన్నా?" అంది మా అమ్మాయి.

"వాళ్ళకి యుద్ధం ముంచుకొచ్చింది తల్లీ, అందుకే ఆ తొందర. నాకేం తొందర?"

"యుద్ధం కావాలా?" అని వంటింట్లోంచి వినపడింది.

నా జీపు ఫోర్డు వారి జీపీడబ్ల్యూ. అది నేను చెప్పే మాట కాదు, చట్రం చెప్పే మాట. బంపరు వెనక అడ్డంగా ఉండే కమ్మీ విల్లీస్ బండికి గుండ్రటి గొట్టం, ఫోర్డు బండికి తిరగేసిన తొట్టిలా ఉంటుంది. నాది తొట్టి. ముందు జాలీకి మాత్రం తొమ్మిది చీలికలకు బదులు ఏడే ఉన్నాయి. పాత యజమాని ఏ ఎడ్లబండినో గుద్ది, మన దేశంలో తయారైన జీపు జాలీ తెచ్చి బిగించినట్టున్నాడు. తొమ్మిది చీలికల జాలీ కోసం నేను వెతికినంతగా మా అమ్మాయికి సంబంధం కోసం వెతకాల్సి వస్తే ఈ జీపు ఎప్పుడో అమ్మి ఉండేవాణ్ణని మా బావమరిది అంటాడు. వాడి మాట నిజమే గాని, జాలీ దొరికింది.

వచ్చినవాళ్ళందరికీ ఈ బండి అస్సాంలోని లేడో నుంచి బర్మా కొండల మీదుగా చైనా దాకా వేసిన రోడ్డు మీద తిరిగిందని చెప్పేవాణ్ణి. ఆ రోడ్డు నిజం, అమెరికన్లు వేసిందీ నిజం, దాని మీద జీపులు నడిచిందీ నిజం. నాది అందులో ఉందనడానికి ఆధారం లేదు, లేదనడానికీ లేదు. నాకు చేతికొచ్చిన పాత కాగితాల్లో ఉన్నది గుడివాడ వైపు ఒక రైసు మిల్లు పేరు ఒక్కటే. అంటే మనకి తెలిసిన మేరకు ఇది చేసిన యుద్ధమంతా ధాన్యం బస్తాలతోనే.

ఫోర్డు వాళ్ళకి ఒక చాదస్తం ఉంది. డిజైను విల్లీస్ వాళ్ళదైనా తాము చేసిన భాగాల మీద 'ఎఫ్' అక్షరం అచ్చుకొట్టారు. పెద్ద భాగాల మీదే కాదు, బోల్టు తలల మీద కూడా. ఆ కంపెనీ చాదస్తం ఇన్నేళ్ళ తర్వాత బెజవాడలో నాకు అంటుకుంది. ఒక రాత్రి అన్నాల బల్ల మీద పేపరు పరిచి, స్టీలు బేసినులో డీజిలు పోసి, తుప్పు బోల్టులు నానేసి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కొక్కటే రుద్దుతున్నాను. (అది పాతది కాదని తెల్లారాక తెలిసింది.) నల్లటి మడ్డి దిగుతున్నకొద్దీ బోల్టు తల మీద ముందు ఒక నిలువు గీత, తర్వాత దాని నెత్తిన చిన్న వంపు తేలుతుంది. వంపు తేలితే ఎఫ్. తేలకపోతే మామూలు ఇనప ముక్క. ఎదురుగా మా ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. నేను మురిసిపోతూ పక్కన పెట్టినదాన్ని తలెత్తి చూసి, "అది ఎఫ్ కాదండీ, సుత్తి దెబ్బ" అంది. తరవాత నేను పనికిరావని పారేసిన కుప్పలోంచి ఒకటి తీసి చీర కొంగుతో తుడిచి, "ఇదిగో, ఇది ఎఫ్" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ బోల్టుకైనా ఆఖరి తీర్పు ఆవిడదే.

ఇక ఆటోనగర్. లారీ ఛాసిస్ తెచ్చి పడేస్తే సాయంత్రానికి బాడీ లేపే ఊరు మాది. అక్కడ దొరకని మనిషి లేడు, దొరకనిదల్లా నా పద్ధతిలో పనిచేసే మనిషే. మా మేస్త్రీ జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వరాలిచ్చాడు. "డీజిల్ ఇంజన్ ఎక్కించేద్దాం సార్. పవర్ స్టీరింగ్ పెడదాం. ఈ ఆరు వోల్టుల గోల తీసేసి పన్నెండు చేసేద్దాం. కావాలంటే ఏసీ కూడా కూర్చోబెడతా." ఒక్కో వరానికీ నా గుండె ఒక్కో బీటు తప్పింది. ఇదే ఇంజన్ ఉండాలి, ఇవే మూడు గేర్లు ఉండాలి, మొదటి గేరు బండి ఆగితే గాని పడకూడదు, అద్దం మీది వైపర్లు చేత్తోనే తిప్పుకోవాలి అని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుంటూ, "మీకు బండి కావాలా సార్, బాధ కావాలా?" అన్నాడు. ఇన్నాళ్ళకి నన్ను సరిగ్గా అర్థం చేసుకున్న మనిషి కనపడ్డాడు.

నిజానికి ఆ బాధ డిజైనులోనే ఉంది. హెడ్‌లైట్లు మడతబందుల మీద బిగించి ఉంటాయి. చెవుల నట్టు వదులు చేస్తే లైటు వెనక్కి తిరిగి ఇంజన్ మీద పడుతుంది. అంటే రాత్రిపూట బానెట్ ఎత్తాల్సి వస్తుందని కట్టినవాళ్ళే ముందుగా అనుకున్నారు. బాడీకి అటూ ఇటూ పిడులు పెట్టారు, దిగబడితే నలుగురూ పట్టి ఎత్తడానికి. డ్రైవరు పక్కన బాడీకి పార, గొడ్డలి కట్టే పట్టీలున్నాయి. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కింద. బంకులో అందరూ ఏసీ కార్లలో కూర్చుని కార్డు అందిస్తుంటే, నేను దిగి, పరుపు ఎత్తి, మూత తియ్యాలి. "రోజూ దాని మీదే కూర్చుంటున్నారా?" అని మా ఆవిడ మొదటిసారి చూసి అడిగింది. ఆ సాయంత్రం ఇన్సూరెన్సు కాగితాలు ఎక్కడున్నాయో కూడా అడిగింది.

రంగు దగ్గర ప్రభుత్వంతో పేచీ వచ్చింది. మిలిటరీ జీపంటే ఆలివ్ గ్రీన్. కానీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఇంకెవరికీ ఆ రంగు వెయ్యకూడదు. "మరైతే బచ్చలాకు రంగు వేయించండి" అని మా ఆవిడ సలహా. నేను పుస్తకాలు తిరగేసి దారి కనిపెట్టాను. యుద్ధకాలంలో అమెరికా నౌకాదళం దగ్గరా ఇవే జీపులు బూడిద రంగులో ఉండేవి. అంతే, నాది నేవీ జీపు అయిపోయింది. రంగు ఆరీ ఆరకముందే చుట్టాలొచ్చారు. నేను అలవాటుగా లేడో రోడ్డు కథ ఎత్తుకున్నాను. మా ఆవిడ కాఫీ అందిస్తూ, "నేవీ వాళ్ళు కొండలెందుకెక్కారండీ?" అంది. ఆ రోజుతో లేడో రోడ్డు మూతపడింది.

రిజిస్ట్రేషను దగ్గర మాత్రం చట్టం నా మనసు చదివింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేసుకోవచ్చు. ఫీజు 20,000, గడువు పదేళ్ళు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' ఉంటుంది. రోజువారీ పనులకు వాడకూడదు. ప్రదర్శనకో, వింటేజ్ ర్యాలీకో, సాంకేతిక పరిశోధనకో, పెట్రోలు పోయించుకోవడానికో, రిపేరుకో మాత్రం రోడ్డెక్కొచ్చు. చదివి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. బంకుకి వెళ్ళడం, మేస్త్రీ దగ్గరికి వెళ్ళడం తప్ప ఈ బండి చేసేదేముంది? అందుకే మా కుటుంబ విహారాలన్నీ పెట్రోలు బంకుకే. ఏ బంకుకో చట్టం చెప్పలేదు కాబట్టి ప్రకాశం బ్యారేజీ దాటి ఉండవల్లి వైపున్న బంకు మాకు బాగా అచ్చొచ్చింది. మా ఆవిడ మంజూరు చేసే డబ్బుకి పట్టే పెట్రోలు ఇంటికొచ్చేసరికి అయిపోతుంది. దాంతో మళ్ళీ బంకుకి వెళ్ళే చట్టబద్ధమైన అవసరం పుడుతుంది.

స్టీరింగు ఎడమ వైపు. అలాంటి బండికి పనిచేసే స్థితిలో ఉన్న మెకానికల్ లేదా ఎలక్ట్రికల్ సిగ్నల్ పరికరం ఉండి తీరాలని మోటారు వాహనాల చట్టం 120వ సెక్షన్. పరికరం బిగించాను గాని, అసలు పని కుడివైపు సీట్లో కూర్చున్న మనిషిది. ముందు లారీ ఉంటే నాకు దాని వెనక రాసిన నీతివాక్యం తప్ప రోడ్డు కనపడదు. దాటాలా వద్దా అన్నది ఆవిడే చెప్పాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మా ఆవిడ మాట ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదు. "వద్దు... వద్దు... ఇప్పుడు... ఆగండి" అంటుంది. ఈ నాలుగు మాటలతోనే మా సంసారం బెంజి సర్కిల్ దాటుతోంది.

మే నెలలో ఒకసారి బ్యారేజీ మధ్యలో బండి ఆగిపోయింది. ఆ ఎండకి పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతుంది. పంపు పెట్రోలునైతే లాగగలదు గాని ఆవిరిని లాగలేదు. నేను ఈ సిద్ధాంతం వివరిస్తుండగా ఆవిడ తాగే నీళ్ళు చేతిరుమాలు మీద గుమ్మరించి, "ఏది, ఆ పంపు ఏది?" అని దాని మీద కప్పింది. చల్లబడ్డాక ఇంజన్ అంటుకుంది. ఈలోగా చుట్టూ చేరిన కుర్రాళ్ళు సెల్ఫీలు దిగారు, ఒక పెద్దమనిషి రేటెంతని అడిగాడు. అట్నుంచి అటే ఆటోనగర్ వెళ్ళాం. మేస్త్రీ కార్టర్ కార్బొరేటర్ పక్కనున్న బుల్లి స్క్రూ తిప్పుతూ చెవి ఒగ్గి ఇంజన్ వింటుంటే ఆవిడ పక్కన నిలబడి, లోపలికి తిప్పితే ఏమవుతుంది, బయటికి తిప్పితే ఏమవుతుంది అని అడిగి తెలుసుకుంది. నేను పట్టించుకోలేదు. ఆడవాళ్ళకి కుతూహలం ఎక్కువ అనుకున్నాను.

ఖర్చు సంగతి అడక్కండి. నేను ఇంట్లో చెప్పిన లెక్క ఒకటి, అసలు లెక్క ఇంకొకటి. మా ఆవిడకి తెలిసిన లెక్క మూడోది, సరైనది అదే.

ఇలా సాగుతుండగా ఘోరం జరిగింది. జీపు బాగుపడింది. సెల్ఫ్ కొడితే మొదటిసారికే అందుకుంటోంది. నూనె కారడం లేదు, వేడెక్కడం లేదు, గేరు గొణగడం లేదు. కింద దూరి వెతికినా బిగించడానికి వదులు నట్టు లేదు. ఆదివారం పొద్దున్నే పానా పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, తుడిచిన చోటే తుడిచి లోపలికొచ్చేవాణ్ణి. పనిలేని బుర్ర ఊరుకుంటుందా? వంటింటి అలమరలు సర్దబోయాను. పప్పుల డబ్బాలకు చీటీలు అంటించాను. సాంబారులో ఉప్పు గురించి అభిప్రాయం చెప్పాను. మా అమ్మాయి చదువు మీద శ్రద్ధ పెట్టాను. "అమ్మా, నాన్న ఇంట్లోనే ఉంటున్నాడు" అని ఆ పిల్ల గుసగుసలాడటం విన్నాను.

ఆ వారమే జీపు దగ్గడం మొదలెట్టింది. కాసేపు తిరిగి, రెండు తుమ్ములు తుమ్మి ఆగిపోతోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్లగ్గులు విప్పాను, పాయింట్లు గీకాను, పంపు ఊడదీశాను. చివరికి మేస్త్రీ వచ్చి చూసి, కార్బొరేటర్ స్క్రూ తడిమి, "ఇది బాగా బయటికొచ్చేసింది సార్. దీనికి స్ప్రింగుంది, తనంతట తను తిరగదు. ఎవరో తిప్పారు" అన్నాడు. అని, మా వంటింటి కిటికీ వైపు చూసి, ఇంకేం మాట్లాడకుండా సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చేతులు కడుక్కుని లోపలికొచ్చాను. ఆవిడ కూరలు తరుగుతూ తలెత్తకుండా, "దొరికిందా జబ్బు?" అంది.

"ఎక్కడా? పెద్ద చిక్కులాగే ఉంది. మొత్తం విప్పి చూడాలి" అన్నాను.

"తొందరేం లేదు, నిదానంగా చూసుకోండి" అంది ఆవిడ. "అన్నానికి నేను పిలుస్తాగా. అప్పటిదాకా దాని కిందే ఉండండి."