కూలీ పేరు ఎక్కడ? – పత్తికొండ బావి ఆత్మకథ

నేను పత్తికొండలో రాతితో కట్టిన మెట్లబావిని. నా పుట్టుకకు కారణం ఒక చావు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరా సోకి ఈ ఊళ్లోనే కన్నుమూశాడు. ఆయన గుర్తుగా సర్కారు నన్ను తవ్వించి, పక్కన తోపు వేయించింది.

ఆయనా బతుకుదెరువుకు వచ్చినవాడే. 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టి, కుర్రతనంలోనే సైన్యంలో కొలువుకు మద్రాసు చేరాడు. ఆయన జాడ వెతకడం తేలిక. మొదట గుత్తిలో పూడ్చారు, 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. అంతా కాగితాల మీద ఉంది. కూలీలకు ఆ భాగ్యం లేదు. 1840ల బంగాళదుంప కరువులో అదే గ్లాస్గోకు ఐర్లండు కూలీలు గుంపులుగా చేరారు. అక్కడి జనాభా లెక్కల్లో చాలామందికి పుట్టిన చోటు ఐర్లండు అని మాత్రమే రాశారు. ఊరి పేరు లేదు. మునిమనవలు ఈనాటికీ ఆ ఊరి కోసం వెతుకుతున్నారు.

ఆ వెలితి నాకూ తెలుసు. 1876లో మొదలైన ధాత కరువులో, నెత్తిన మూటలతో ఊరు వదిలిన వాళ్లను చూశాను. భూమి ఉన్న రైతు పేరు, సర్కారు నేరుగా రైతు నుంచే శిస్తు వసూలు చేసిన రైత్వారీ లెక్కల్లో దొరుకుతుంది. సెంటు భూమి లేని కూలీ పేరు ఎవరు రాశారు?

సముద్రం దాటినవాళ్లకు ఒక ఆధారం మిగిలింది. 1860లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి కూలీలను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చేర్చింది. 1911 దాకా భారతదేశం నుంచి అలా వెళ్లినవారు 1,52,000 మందికి పైనే. ఓడ జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు ఉన్నాయి. కూలీలను పనికి పంపేటప్పుడు రాసిన ఆ వరుసలే నేడు మునిమనవలకు దారి చూపుతున్నాయి.

ఈ సీమలో మూలాలు వెతికేవారికి ఒక మాట. నేను పుట్టేనాటికి పత్తికొండ బళ్లారి జిల్లాలో ఉండేది. 1858లో కర్నూలులో కలిసింది. ఆదోని, ఎమ్మిగనూరు 1953 దాకా బళ్లారివే. పాత కాగితంలో కర్నూలు కింద ఊరు కనబడకపోతే బళ్లారి కింద చూడండి. తెలుగు పేర్లను ఇంగ్లీషు గుమాస్తాలు చెవికి తోచినట్టు రాశారు. వాటిని పైకి చదివి పోల్చుకోండి.

వలస నేటికీ ఆగలేదు. వానలు మొహం చాటేస్తే ఆదోని, కోసిగి, మంత్రాలయం పల్లెలు సుగ్గికి, అంటే పనుల కోసం వలసకు, కదులుతాయి. గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరులో కట్టడాల పనికి పోతారు. పిల్లలు బడి మాని వెంట నడుస్తారు. ఎవరు, ఏ ఊరికి, ఏ పనికి వెళ్లారో, ఎప్పుడు తిరిగొచ్చారో ప్రతి పంచాయతీ రాసిపెట్టాలి. కూలి ఎగ్గొట్టినా, దారిలో ప్రమాదం జరిగినా ఆ పుస్తకం అక్కరకొస్తుంది. వందేళ్ల తర్వాత ఒక మనవరాలు అడిగితే జవాబు చెప్పేదీ అదే. గవర్నరు గుర్తుకు బావి తవ్వించిన సర్కారుకు, కూలీ పేరు ఒక వరుసలో రాయడం భారం కాదు.