అప్పట్లో వాళ్ళే మా వైపు చూసేవాళ్ళు

మా ఊరి కుర్రాళ్ళు రుమేనియా వెళ్ళొచ్చి తెమిష్వార్ దుకాణాల గురించి గొప్పలు చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మా రోజుల్లో మా సరుకు కోసం మొహం వాచిపోయింది వాళ్ళేనోయ్! 1980ల్లో వాళ్ళ అధినేత చౌషెస్కూ విదేశీ అప్పులు తీరుస్తానని జనానికి తిండీ కరెంటూ కోత పెట్టాడు. ఇటు యుగోస్లావియా నుంచి ఒక కాఫీ పొట్లమో జీన్స్ ప్యాంటో పట్టుకెళ్తే కళ్ళకద్దుకునేవాళ్ళు. తెమిష్వార్ జనం యుగోస్లావియా టీవీ చూసి లోకం తెలుసుకునేవాళ్ళు. 1992లో మామీద ఐక్యరాజ్యసమితి ఆంక్షలు పడేసరికి పెట్రోలు డబ్బాలు పట్టుకుని మేమే అటు పరిగెత్తాం. అది మాత్రం కుర్రాళ్ళకి చెప్పను.

మాది సెర్బియాలోని బానాత్ ప్రాంతంలో తమిష్ ఏటి ఒడ్డు. పాత పేరు మోదోష్. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత గీసిన గీతతో ఊరు రుమేనియాలో పడింది. 1923లో రెండు ప్రభుత్వాలూ బేరమాడుకున్నాయి: జోంబోల్ పట్టణం రుమేనియాకి, మోదోష్, పార్దాన్ ఊళ్ళు ఇటువైపుకి. 1924లో చేతులు మారాం. సంతలో గొడ్డుని కొనేవాడు పళ్ళయినా చూస్తాడు, మమ్మల్ని అదీ చూడలేదు. ఆనక ఊరికి యాషా తోమిచ్ అని పేరు పెట్టారు. ఆయన పెద్ద నాయకుడు, పత్రికలవాడు. 1890లో ప్రత్యర్థి సంపాదకుణ్ణి నోవీసాద్ రైల్వే స్టేషన్లో కత్తితో పొడిచి జైలుకెళ్ళాడు కూడా. చెడ్డపనే, కాదనను. ఇప్పుడు ఫోన్లో తిట్టుకోవడమే పౌరుషమైపోయింది.

మా నాన్న సెర్బియన్, హంగేరియన్, జర్మన్ మూడూ గడగడా మాట్లాడేవాడు, చుట్టుపక్కల ఆ మూడు భాషలవాళ్ళూ ఉండేవాళ్ళు మరి. రెండో యుద్ధం చివర జర్మన్లలో కొందరు పారిపోయారు. ఉండిపోయినవాళ్ళని శిబిరాల్లో పడేశారు. అక్కడ మావాళ్ళు చేసింది మంచిపని కాదు.

2005 ఏప్రిల్‌లో రుమేనియా వైపు గట్టు తెగి తమిష్ ఊరిమీద పడింది. నా సంచిలో జున్నుముక్క కనబడితే ఆపే కస్టమ్స్ వాళ్ళు అంత ఏటినీ ఎలా వదిలేశారో! పచ్చి ఇటుక ఇళ్ళు కరిగి కూలిపోయాయి. తర్వాత కొత్తవి కట్టారు. గట్టివే, కానీ ఎండాకాలం లోపల ఉడికిపోతాం. పాత మట్టిగోడల చల్లదనం వీటికెక్కడిది?

ఏసీ కొనిపెడతాలే తాతా, అంటాడు మనవడు. ముందు జర్మనీలో ఉద్యోగం దొరకాలట. అందుకే రాత్రిళ్ళు కూర్చుని జర్మన్ బట్టీపడుతున్నాడు. మా నాన్న వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్న భాషకి వీడు నెలనెలా ఫీజు కడుతున్నాడు!