తోక లేని ఎలుక

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. విండోస్ వద్దు, మ్యాక్ వద్దు అని కంప్యూటర్లో హైకూ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకున్న మారాజులకు వైర్‌లెస్ మౌస్, కీబోర్డుల ముచ్చట కూడా ఉంటుంది. బ్లూటూత్‌వి కొన్నారా, అంతే సంగతులు! 2001లో మొదలైన హైకూ ప్రాజెక్టు 2024 సెప్టెంబరులో ఐదో బీటాకు చేరింది. అందులోనూ బ్లూటూత్ పని అరకొరే. డాంగిల్‌వి నయం, మామూలు యూఎస్‌బీ మౌస్‌లా కనబడి పని కానిచ్చేస్తాయి. అయినా తెరమీద బాణం ఉన్నట్టుండి కుంటుతుంది. చూస్తే, డాంగిల్‌ను నీలిరంగు యూఎస్‌బీ 3 పోర్టులో దూర్చి ఉంటారు. ఆ పోర్టు వెదజల్లే రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరా వినబడుతుంది, మౌస్ మాట్లాడేదీ అక్కడే. తప్పు హైకూది కాదు, తిట్లు మాత్రం దానికే.

ఇక మరమ్మతు చూడండి: టెర్మినల్ తెరిచి సిస్‌లాగ్ అనే చిట్టా చదవమంటారు పెద్దలు. టైపు కొట్టడానికి కీబోర్డు పలకాలి కదా స్వామీ! అందుకే ప్రతి వైర్‌లెస్ వీరుడి సొరుగులోనూ ఓ వైరు కీబోర్డు దాగుంటుంది. బాణం కుంటు మానాలంటే డాంగిల్‌ను యూఎస్‌బీ 2 పోర్టుకు మార్చండి, లేదా ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త ఎడంగా పెట్టండి. అన్నట్టు, బ్యాటరీ చూశారా?